వాద్యములయందలి క్రొత్త కల్పనలు - పేటెంటు ధర్మము

పేటెంటు అను మాట నేఁడు తెలుఁగునాట తఱచుగా వినఁబడుచున్నను, దాని యర్థమును గూర్చి విద్వాంసులలోఁ గూడఁ గొంత భ్రాంతి కలదు. ఒక వస్తువును మొదటఁ జేసినవానికి ప్రభుత్వము ఇచ్చు బిరుదమే పేటెంటని కొందఱును, ఒక విద్యను ఇతరులకుఁ దెలియనీయక దాఁచుకొనుటకు ఇచ్చు అనుమతి యని మఱికొందఱును తలఁతురు. ఈ రెండు తలఁపులును సరికావు. పేటెంటు ఒక యొడంబడిక. కల్పకుఁడు తన కల్పనయొక్క మర్మమును, ఆ విద్య నెఱిఁగిన మఱియొకఁడు చదివి చేయఁగలంత విస్పష్టముగా వ్రాసి లోకమున కర్పింపవలయును. దానికి మాఱుగా రాజ్యము కొంతకాలము దాఁక ఆ కల్పనను ఇతరులు చేయకుండ, అమ్మకుండ వారించు హక్కును అతని కొసఁగును. గడువు తీఱినతోడనే అది సర్వజనుల సొత్తగును. దాఁచినవానికి పేటెంటు లేదు, చెప్పినవానికే కలదు. అయితే చెప్పెడు కాలము తప్పినచో చెప్పినవానికిని లేదు. వాద్యముల విషయమున ఈ చివరి నియమమే పెక్కుమందికి హాని చేయుచున్నది.

ఈ విచారము అనంతపురము పీఠభూమికి దూరమైనది కాదు. సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ నేలలో నీటికిఁ గఱవు గాని నాదవిద్యకుఁ గఱవు లేదు. లేపాక్షి వీరభద్రాలయమునందలి నాట్యమండప స్తంభములపై తుంబురుఁడు వీణతోను, బ్రహ్మ మద్దెలతోను, నందికేశ్వరుఁడు హుడుక్కతోను నిలిచియున్నారు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబములు నివసించుచున్నవి. ఉరుములను వాద్యముతో ఆడెడి బృందములకు ఈ సీమ పుట్టినిల్లు. అన్నమాచార్య సంకీర్తనల పరిష్కరణమునఁ బేరెన్నికగన్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893-1979) ఈ సీమలోని రాళ్లపల్లియందే జన్మించిరి. 2022 ఏప్రిల్ నెలలో జిల్లాలు విభజింపఁబడి లేపాక్షి, పెనుగొండ, ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినను, పీఠభూమి యొక్కటియే. ఇట్టిచోట క్రొత్త వాద్యోపకరణమును గల్పించినవాని హక్కేమి? తరతరముల ప్రాఁతవిద్యను ఎవఁడైనను తనదియని వ్రాయించుకొనఁబోయినచో ఈ సీమవారికిఁ గల రక్ష యేమి? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒకే శాసనమునందున్నది.

మన దేశమున వాద్యకల్పనలు వ్రాఁతకెక్కిన విధమును మొదటఁ జూడవలయును. విజయనగర కాలమున రామామాత్యుఁడు 1550వ సంవత్సరమున స్వరమేళకళానిధి యను సంస్కృత గ్రంథమును రచించి అళియ రామరాయల యాదరమును బొందెను. ఆ గ్రంథమున వీణాప్రకరణమని యొక భాగము కలదు. శుద్ధమేళవీణ, మధ్యమేళవీణ, అచ్యుతరాజేంద్రమేళవీణ యని మూఁడు వీణలను అతఁడు వర్ణించెను. ఏ తంత్రిని ఏ స్వరమునకు శ్రుతి చేయవలయునో, ఏ మెట్టు ఏ స్వరమును బలుకవలయునో అందుఁ జెప్పఁబడినది. సర్వరాగములకును బనికివచ్చునట్లు మెట్లు నిలిపిన వీణను, ఒక్క రాగమునకుఁ దగినట్లు మెట్లు నిలిపిన వీణను వేఱుపఱచి, సర్వరాగమేళవీణ, ఏకరాగమేళవీణ యని పేళ్లు పెట్టెను. మూఁడవ వీణకుఁ బేరిచ్చిన అచ్యుతరాయలు 1529 మొదలు 1542 వఱకు రాజ్యమేలెను. లేపాక్షి దేవాలయమును విరూపణ్ణ కట్టించినదియు ఆ రాయల కాలముననే. కావున లేపాక్షి రాతిపైనున్న తుంబురుని వీణయు, గ్రంథమునందున్న అచ్యుతరాయల వీణయు ఇంచుమించుగా ఒకే కాలమునకుఁ జెందినవి.

వీణాప్రకరణమును నేఁటి పేటెంటు దరఖాస్తుతో జోడించెడు వివరణపత్రముతోఁ బోల్చి చూచినచో, రెండును జేయు పని చాలవఱకు ఒకటియే. వస్తువు నిర్మాణమును జెప్పుట, దాని భాగముల సంబంధమును జెప్పుట, అది మున్నున్నవానికంటె ఏ విధమున వేఱో చూపుట రెండింటను గలదు. భేదము తుదిభాగముననున్నది. వివరణపత్రము చివర హక్కువాక్యము లుండును. కల్పకుఁడు తనదియని కోరు భాగమునకు అవి పొలిమేర రాళ్ల వంటివి. రామామాత్యుని గ్రంథమున అట్టి వాక్యము లేదు. వీణకు రాయల పేరు పెట్టుట గౌరవమే గాని నిషేధము గాదు. తంజావూరు రఘునాథనాయకుని పేరిట వెలసిన వీణయు నట్టిదే. ఇరువదినాలుగు మెట్ల నేఁటి సరస్వతీవీణ ఆయన కాలమున స్థిరపడెనని సంప్రదాయము చెప్పును. హక్కు కోరకయే చెప్పివేయు ఈ పద్ధతివలన వీణ దక్షిణదేశమంతట వ్యాపించెను. నష్టము మఱియొకచోఁ గలిగినది. రాజు పేరును గ్రంథకర్త పేరును నిలిచెను గాని, పనసకొయ్యను జెక్కి మెట్లను బిగించిన శిల్పి పేరు నిలువలేదు.

కల్పకునికే హక్కు నిచ్చు శాసనము భారతదేశమున 1856లో వచ్చెను. కలకత్తా నివాసియగు జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెనింగ్ అను నతఁడు పంకాను లాగెడు యంత్రమునకై ఆ సంవత్సరము మార్చి 3వ తేదీన సమర్పించిన విజ్ఞాపనమే మొదటిది. అప్పటి గడువు 14 ఏండ్లు. పిమ్మట 1859, 1888, 1911 సంవత్సరములలో శాసనము మాఱుచు వచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1970లో చేయఁబడిన పేటెంట్ల చట్టము 1972 ఏప్రిల్ 20వ తేదీనుండి అమలులోనికి వచ్చి, తరువాతి సవరణలతో నేఁటికిని నిలిచియున్నది. ఇప్పటి గడువు దరఖాస్తు దినమునుండి 20 ఏండ్లు. ఆంధ్రప్రదేశ్ వారి దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయమునకుఁ జెందును. ఒక దేశమునఁ బొందిన పేటెంటు ఆ దేశముననే చెల్లును. వేఱుదేశమున హక్కు కావలసినవాఁడు అచ్చటను బొందవలయును.

చట్టము ప్రకారము కల్పనకు మూఁడు లక్షణములు కావలయును. అది క్రొత్తదిగా నుండవలయును. ఆ విద్యయందుఁ బరిచయముగలవానికి సహజముగాఁ దోఁచునది కాకుండవలయును. పరిశ్రమయందుఁ జేయుటకో వాడుటకో తగినదై యుండవలయును. కొన్నిటిని 3వ సెక్షన్ మొదలంటనే త్రోసివేయుచున్నది. వాఙ్మయము, నాటకము, సంగీతకృతి పేటెంటునకుఁ దగవు. కావున ఒక కీర్తనకుఁ గాని, క్రొత్తగాఁ గూర్చిన రాగమునకుఁ గాని పేటెంటు లేదు. కృతికి రక్ష 1957 నాఁటి కాపీరైటు చట్టమునఁ గలదు. అది రచయిత జీవితకాలమును, తదనంతరము 60 ఏండ్లును నిలుచును. గణితపద్ధతియు, కేవల కంప్యూటరు ప్రోగ్రామును పేటెంటునకుఁ దగవు. తెలిసిన యుపకరణములను ఒకదాని ప్రక్క నొకటి చేర్చి, ఒక్కొక్కటియు తన ప్రాఁతపనినే వేఱువేఱుగాఁ జేయుచున్నచో, ఆ చేర్పును కల్పన గాదు. సంప్రదాయవిజ్ఞానము గాని, సంప్రదాయమునఁ దెలిసిన వస్తువుల గుణములను మరలఁ గూర్చుట గాని కల్పన గానేరదు.

ఈ నియమముల స్వరూపము ఉదాహరణములవలనఁ దేటపడును. అమెరికాలో విద్యుద్గిటారు పుట్టిన విధము మొదటిది. జార్జి బోషాంప్ అను నతఁడు గుఱ్ఱపునాడా యాకృతిగల రెండు అయస్కాంతములను, రాగితీఁగ చుట్టను గిటారు తంత్రులకడ నమర్చెను. ఉక్కుతంత్రి కదలినప్పుడు అయస్కాంతక్షేత్రము కదలును. అందువలన చుట్టలో విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫైయరు పెద్దదిచేసి స్పీకరున కందించును. దీనికే పికప్ అని పేరు. 1934 జూన్ 2వ తేదీన అతఁడు సమర్పించిన దరఖాస్తునకు 1937 ఆగస్టు 10వ తేదీన 20,89,171 సంఖ్యగల పేటెంటు లభించెను. ఈ యుపకరణము నిజముగాఁ బలుకునాయని పరీక్షాధికారులు సందేహింపఁగా, వాషింగ్టనునకు హవాయి వాదకులను బంపి వారి యెదుట వాయింపించిరి. హక్కు చేతికి వచ్చు వేళకు ఇతరులు విద్యుద్గిటార్లను జేసి యమ్ముచుండిరి. వివరణపత్రము బాగుగా నున్నను, ఆలస్యము హక్కు విలువను దగ్గించునని దీనివలనఁ దెలియుచున్నది.

గిటారునకు విద్యుత్తు చేరిన పిదప ఆ విద్యుత్తునే మార్చి ధ్వనిని మార్చు పెట్టెలు బయలుదేఱెను. వాదకుని రెండు చేతులును తంత్రులపైనుండును గనుక ఆ పెట్టెలను పాదముతో త్రొక్కునట్లు చేసిరి. అందువలన వానికి పెడల్ అను పేరు వచ్చెను. ఈ యవసరము మన సీమకుఁ గ్రొత్తది కాదు. తోలుబొమ్మలాటలో ఆటగాని రెండు చేతులును బొమ్మల యీనెలను బట్టుకొనియుండును. యుద్ధఘట్టమున ధ్వని కావలసినప్పుడు అతఁడు పాదముక్రిందనున్న చెక్కబల్లను త్రొక్కి మ్రోఁత పుట్టించును. చేతులకు తీఱిక లేనప్పుడు పాదమును వాద్యకారుని మూఁడవ చేయిగాఁ జేయు ఉపాయము రెండుచోట్లను ఒకటియే. అయినను బల్ల త్రొక్కినప్పుడు పుట్టునది వేఱొక ధ్వని. పెడల్ త్రొక్కినప్పుడు మాఱునది వాద్యముయొక్క ధ్వనియే.

ఆ పెడళ్లలోఁ బ్రసిద్ధమైన ఫజ్ అనునది ఒక లోపమునుండి పుట్టెను. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాటను నాష్‌విల్‌లో ముద్రించునపుడు పరికరములోని ఒక ట్రాన్స్‌ఫార్మరు చెడి, వాద్యధ్వని బొంగురువోయి వినఁబడెను. దానిని పాడుచేసిన ధ్వనియని త్రోసివేయక, అట్టి ధ్వనిని కోరినప్పుడెల్లఁ బుట్టించుటకు గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్ అను నిరువురు ట్రాన్సిస్టర్లతో ఒక పెట్టెను గూర్చిరి. తరంగమును మితిమీఱఁ బెంచినప్పుడు దాని శిఖరములు తెగి చదునగును. అట్లు తెగుటవలన మూలధ్వనిలో లేని అనుస్వరములు పుట్టును. వారు 1962 మే 3వ తేదీన దరఖాస్తు చేయఁగా 1965 అక్టోబరు 19వ తేదీన పేటెంటు వచ్చెను. చెడిన పరికరము యాదృచ్ఛికముగాఁ జేసిన పనిని, ఎవ్వరైనను మరలఁ జేయఁదగిన విధానముగా మార్చి వ్రాయుటయే ఇందలి కల్పన. లోపము ప్రకృతి యిచ్చినది. విధానము మనుష్యులు చేసినది.

రెండవది వా-వా పెడల్. మనుష్యుఁడు నోటిని మూసి తెఱచుచు పలికినచో ఒకే శ్రుతిలోనున్న ధ్వనికే రంగు మాఱును. ఆ పనిని విద్యుత్తుచేతఁ జేయించుట దీని యుద్దేశము. పాదముతో పలకను ముందునకు, వెనుకకు వంచుచుండఁగా లోపలి నిరోధకము తిరిగి, ధ్వనిలోని యే భాగము హెచ్చుగా వినఁబడవలయునో ఆ భాగము క్రిందినుండి మీఁదికి జరుగుచుండును. బ్రాడ్లీ ప్లంకెట్, లెస్టర్ కుష్నర్ అనువారు 1967 ఫిబ్రవరి 24వ తేదీన దీనికై దరఖాస్తు చేసిరి. 1970 సెప్టెంబరు 22వ తేదీన 35,30,224 సంఖ్యతో పేటెంటు వచ్చెను. వారికి హక్కు వచ్చినది వా యను ధ్వనిమీఁదఁ గాదు, పాదముతో త్రొక్కుట యను తలఁపుమీఁదను గాదు. అట్టి మార్పును సాధించు విద్యున్మార్గపు టమరికమీఁద మాత్రమే. అదే ఫలమును వేఱొక మార్గమున సాధించినవానిని ఆ పేటెంటు ఆపఁజాలదు. కేవల రుచికిఁ బేటెంటు లేదు. ఆ రుచిని బుట్టించెడు సాధనమునకుఁ గలదు.

ఈ లక్షణమును మన వీణకు అన్వయించి చూడవచ్చును. అంగడిలో దొరకు వా-వా పెడల్‌ను తెచ్చి వీణకుఁ దగిలించినవాఁడు వినువారికి ఆశ్చర్యము గలిగింపవచ్చును గాని, పేటెంటునకు అర్హుఁడు గాఁడు; ఏలయన తెలిసిన రెంటిని జేర్చుటకంటె అతఁడు మఱేమియుఁ జేయలేదు. సరస్వతీవీణ మెట్లు మైనముపై నిలుపఁబడును. అనంతపురపు టెండలో మైనము మెత్తఁబడినచో మెట్టు కదలి స్వరము తప్పును. గమకమునకు భంగము లేకుండ, నాదమును జంపకుండ, ఎండకుఁ జలింపని క్రొత్త బిగింపును, అంతకు మున్నెచ్చటను లేనిదానిని, ఒక శిల్పి కనుఁగొనినచో అది పేటెంటునకుఁ దగిన కల్పన కావచ్చును. మొదటిది వినుటకు గొప్పగానుండును, రెండవది చూచుటకు స్వల్పముగానుండును. చట్టము గొప్పను జూడదు. మున్ను లేని యుపాయము కలదా యని మాత్రమే చూచును.

కంప్యూటరు వచ్చిన పిమ్మట గణితమునకును వాద్యమునకును నడుమనున్న హద్దు సన్ననయ్యెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందలి స్వరకర్త జాన్ చౌనింగ్ ఒక తరంగముచేత మఱియొక తరంగముయొక్క ఆవృత్తిని మార్చినచో నానావిధ వాద్యధ్వనులు పుట్టునని కనుఁగొనెను. ఆ విధానమునకు 1977 ఏప్రిల్ 19వ తేదీన పేటెంటు వచ్చెను. దాని యనుమతిని బొందిన యమహా సంస్థ 1983లో డీఎక్స్7 అను వాద్యమును వెలువరించెను. భూగర్భమునఁ జమురును వెదకుటకుఁ బ్రతిధ్వనులను పరిశీలించు విద్యయందు ఆఱితేఱిన ఆండీ హిల్‌డెబ్రాండ్ గాయకుని శ్రుతిని సవరించు ఆటోట్యూన్‌ను 1997లో వెలువరించెను. 1999 అక్టోబరు 26వ తేదీన అతనికి అమెరికాలోఁ బేటెంటు లభించెను. భారతదేశమునందైనచో ఇట్టివి కేవల గణితపద్ధతులుగా నిలిచినంతవఱకు తగవు. ఉపకరణముతోఁ గూడి సాంకేతిక ఫలమును జూపినపుడే పరిశీలనకు వచ్చును. శ్రుతిని సవరించు యంత్రము మెట్టువంటి స్థిరస్వరమును లక్ష్యముగాఁ గొనినచో, స్వరమునుండి స్వరమునకు జాఱెడు మన గమకమును దోషమని తలఁచి సరిదిద్దివేయును. గమకమును గుర్తించి విడిచిపెట్టు ఉపాయమును గనుఁగొనుటకు సంగీతలక్షణము నెఱిఁగినవారే తగినవారు.

పేటెంటు పొందినవాఁడు తప్పక ధనవంతుఁడగునని తలఁపరాదు. సాక్సోఫోను కల్పకుఁడగు అడోల్ఫ్ సాక్స్ 1846లో పారిస్ నగరమునఁ బేటెంటు పొందెను. ప్రత్యర్థులగు వాద్యనిర్మాతలు అతనిపై ఏండ్లతరబడి వ్యాజ్యములు నడపిరి. 1852, 1873, 1877 సంవత్సరములలో అతఁడు మూఁడుసారులు దివాలా తీసెను. అయినను 1866లో గడువు తీఱిన పిమ్మట ఆ వాద్యమును ఎవ్వరైనను జేయవచ్చునాయెను. శతాబ్దము దాఁటిన తరువాత కద్రి గోపాలనాథ్ (1949-2019) దానిని కర్ణాటక సంగీతమునకుఁ దగినట్లు మలఁచి కచేరీలు చేసెను. కల్పకునికి దక్కనిది లోకమునకు దక్కినది. ఒడంబడికలోని రెండవ భాగము, అనఁగా గడువు తీఱిన పిదప సర్వజనుల సొత్తగుట, ఇచ్చటఁ గనఁబడుచున్నది.

తెలుఁగువారిలో వాద్యమును మార్చి లోకప్రసిద్ధి గాంచినవాఁడు పాలకొల్లున జన్మించిన మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014). నాలుగు జంటతంత్రుల మాండలిన్‌కు మాఱుగా ఐదు ఒంటితంత్రుల విద్యున్మాండలిన్‌పై ఆయన గమకములను బలికించెను. ఆ యమరికను వేలకొలఁది జనులు వేదికలపైఁ జూచిరి, వినిరి. శాసనదృష్టిని ఇది ముఖ్యమైన విషయము. ఒక యమరిక బహిరంగముగా వాడుకలోనికి వచ్చిన పిదప అది పూర్వవిదితమగును. దానిని ఆ తరువాత ఎవ్వఁడును క్రొత్తదియని కోరఁజాలఁడు. కల్పకునకే యైనను ఆ నియమమునుండి మినహాయింపు మిక్కిలి స్వల్పము. వాద్యము కప్పిపుచ్చి వాయింపఁదగినది కాదు గనుక, ఇతర యంత్రముల కల్పకులకంటె వాద్యకల్పకునికి ఈ యపాయము హెచ్చు.

అందువలన క్రమము నెఱుఁగుట యవసరము. మొదట దరఖాస్తు, పిదప కచేరి. కల్పన పూర్తిగాఁ గుదురకున్నను తాత్కాలిక వివరణపత్రమును దాఖలు చేసి దినమును స్థిరపఱచుకొనవచ్చును. సంపూర్ణ వివరణపత్రమును 12 నెలలలోఁ జేర్పవలయును. 31వ సెక్షన్ కొన్ని మినహాయింపుల నిచ్చుచున్నది. కేంద్రప్రభుత్వము గెజిట్టులోఁ బ్రకటించిన ప్రదర్శనమునఁ జూపినను, కల్పకుఁడు విద్వత్పరిషత్తున వ్యాసముగాఁ జదివినను, ఆ పరిషత్తు పత్రికయందు అతని యనుమతితోఁ బ్రకటింపఁబడినను, 12 నెలలలో దరఖాస్తు చేసినచో హక్కు చెడదు. బహిరంగముగాఁ జేయక తీఱని పరీక్షకై వాడినచో 32వ సెక్షన్ ఒక సంవత్సరము సావకాశ మొసఁగును. పాఠశాలలలో జరుగు విజ్ఞాన ప్రదర్శనములు గెజిట్టులో నెక్కినవి కావు. విద్యార్థి చేసిన క్రొత్త శ్రుతిపెట్టెను సంతోషముతో ప్రదర్శనమునఁ బెట్టించి, ఆ మఱుసటి దినము వార్తాపత్రికలో వివరముగాఁ బ్రకటింపించిన యుపాధ్యాయుఁడు తెలియకయే ఆ బాలుని హక్కును బోఁగొట్టినవాఁడగును. దరఖాస్తు దినమును బ్రదర్శన దినమునకు ముందుగా నిలుపుటయే ఇందుకు మందు.

ఇచ్చట భౌగోళిక సూచికను పేటెంటుతోఁ గలపక వేఱుగాఁ దెలిసికొనవలయును. ఒకే పనసమ్రానును దొలిచి చేయఁబడు బొబ్బిలివీణకును, ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకును 1999 నాఁటి చట్టము ననుసరించి భౌగోళిక సూచిక లభించినది. నిమ్మలకుంట కళాకారుఁడగు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము వచ్చెను. సూచిక రక్షించునది పేరును, ఆ పేరుతోఁ బెనవేసికొన్న ప్రదేశమును. బొబ్బిలివీణ యను పేరును బయటివారు వాడకుండ అది యాపును. అట్టి వీణను వేఱు పేరితోఁ జేయకుండ ఆపఁజాలదు. అది పదేసి యేండ్లకు నవీకరింపఁబడుచు నిలిచియుండును, ఒక సమూహమునకుఁ జెందును. పేటెంటు ఒక కల్పనకుఁ జెందును, 20 ఏండ్లకుఁ దీఱిపోవును. పురస్కారము గౌరవము, సూచిక పేరు, పేటెంటు గడువుగల హక్కు. ఈ మూఁటిలో ఒకటి మఱియొకదాని పనిని జేయదు.

ఇఁక రెండవ ప్రశ్న: ప్రాఁతవిద్యకుఁ గల రక్ష. మిసిసిపీ విశ్వవిద్యాలయము వారికి 1995లో పసుపుతో గాయములను మాన్పు విధానమునకు అమెరికాలోఁ బేటెంటు ఇయ్యఁబడెను. భారతదేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి ఆ పేటెంటును బ్రశ్నించి, సంస్కృత గ్రంథములను, 1953లో భారతీయ వైద్యపత్రికయందు వెలువడిన వ్యాసమును సాక్ష్యములుగాఁ జూపెను. 1997లో ఆ పేటెంటు రద్దు చేయఁబడెను. ఆ వివాదమున గెలిచినది ఆక్షేపణ ధ్వని గాదు, అచ్చుపుట. తరువాత 2001లో ఆరంభింపఁబడిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయము ఆయుర్వేదము, యునానీ, సిద్ధ, యోగము మొదలగువానిని పరీక్షాధికారులు చదువఁదగిన భాషలలోఁ బెట్టెను. వాద్యలక్షణ గ్రంథములకు అట్టి యేర్పాటు దానియందు లేదు.

భారతీయ చట్టమున 25వ సెక్షన్ ఇందుకొక ద్వారమును దెఱచియున్నది. దరఖాస్తు ప్రకటింపఁబడిన తరువాత, పేటెంటు ఇయ్యఁబడకముందు, ఎవ్వరైనను వ్రాఁతమూలమున ఆక్షేపింపవచ్చును. ఆక్షేపకుఁడు వ్యాపారి కానక్కఱలేదు. పాఠశాల పండితుఁడును జాలును. ఏ దేశమునందైనను స్థానిక సమూహములలో మౌఖికముగా నున్న జ్ఞానమును గూడ కారణముగాఁ జూపవచ్చునని ఆ సెక్షన్ స్పష్టముగాఁ జెప్పుచున్నది. అనఁగా రామామాత్యుని శ్లోకమునకువలెనే, నిమ్మలకుంట ఆటగాని పాదముక్రింది బల్లకును శాసనమున సాక్ష్యపుస్థానము కలదు. అయితే సాక్ష్యము సాక్ష్యముగా నిలుచుటకు అది విషయమును బోధింపవలయును. లేపాక్షి స్తంభము వీణ యాకృతిని జూపును. తంత్రుల శ్రుతిని జెప్పదు. ఆకృతికి మాత్రమే అది సాక్షి. శ్రుతికి స్వరమేళకళానిధి సాక్షి. రెంటిని గలిపి చూపఁగల విద్వాంసుఁడు ఉన్నప్పుడే రెండును బలముగలవి యగును.

కావున ఈ సీమ పండితులు చేయఁదగిన పని యొకటి కలదు. తమ గ్రామమునందలి వాద్యములను వర్ణించునపుడు మధురము, గంభీరము అను విశేషణములతోఁ దృప్తి చెందక, కొయ్య యేదో, తోలు ఎచ్చటిదో, వ్యాసమెన్ని యంగుళములో, తంత్రులెన్నియో, శ్రుతి చేయు క్రమమెట్టిదో, వర్ణించిన దినమేదో, చెప్పిన కళాకారుఁడెవ్వఁడో వ్రాయవలయును. దినము లేని వర్ణన పరీక్షాధికారికి అంతగా నుపకరింపదు. కళాకారుని యనుమతిని బొంది, అతని పేరితోఁ బ్రకటించినచో, రాజు పేరు నిలిచి శిల్పి పేరు మఱుఁగువడిన ప్రాఁతకొఱఁతయుఁ గొంత తీఱును. అయితే ఆ వాద్యమున కళాకారుఁడు తానే క్రొత్తగాఁ జేర్చిన యుపాయము కలదేని, దానిని వ్రాయుటకు ముందే దరఖాస్తు మాట అతనికిఁ జెప్పవలయును. తరతరముల విద్యను త్వరగాఁ బ్రకటించుట దానికి రక్ష. ఒకని క్రొత్త కల్పనను త్వరపడి ప్రకటించుట దానికి హాని. ఏది మొదటిదో, ఏది రెండవదో విడఁదీసి చెప్పఁగలవాఁడు ఆ వాద్యమును, దాని లక్షణగ్రంథమును గూడ నెఱిఁగినవాఁడే. చెన్నైలోని పరీక్షాధికారి యెదుటికి వచ్చునది కాగితము మాత్రమే. ఆ కాగితమున సత్యము నిలుచుట ఈ పీఠభూమియందలి పండితుల వ్రాఁతపై నాధారపడియున్నది.